సైనికుల బ్యాంకులో సభ్యత్వం: ఎవరు అన్న, ఎవరు తమ్ముడు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలలో కొందరు అక్కడి సైన్యంలోను, నౌకాదళంలోను చేరుతున్నారు. పౌరసత్వం ఇంకా రాకపోయినా, గ్రీన్ కార్డు ఉన్నవారిని అక్కడి సైనిక దళాలు చేర్చుకొంటాయి. సరిహద్దు పల్లెల బంధువర్గంలో అటువంటి కుటుంబం ఒక్కటి ఉన్నా చాలు, "మా వాడి పేరు చెప్పండి, అక్కడ చదువుకొంటున్న మీ వాడికి కూడ మిలిటరీ బ్యాంకు కార్డు వస్తుంది" అనే సలహా వినబడడం సహజం. ఈ సలహాలో నిజం కొంత ఉన్నది. చిక్కు అంతకంటె ఎక్కువ ఉన్నది.

మిలిటరీ బ్యాంకు అని వాడుకలో పిలువబడుతున్న వాటిలో పెద్దది నేవీ ఫెడరల్ క్రెడిట్ యూనియన్. ఇది నిజానికి బ్యాంకు కాదు. మన సహకార పరపతి సంఘం వంటిది. 1933లో అమెరికా నౌకాదళ శాఖ ఉద్యోగులు 7 మంది కలిసి దీనిని స్థాపించారు. నేడు సభ్యుల సంఖ్య కోటీ నలభై లక్షలు దాటింది. ఖాతాదారులే యజమానులు, పాలకవర్గాన్ని వారే ఎన్నుకొంటారు. పొదుపు ఖాతాలో 5 డాలర్లు జమచేస్తే అదే వాటాధనం. సంఘం కనుక బయటివారికి అప్పు ఇవ్వదు. కార్డు కావలసినవారు ముందు సభ్యులు కావాలి, సభ్యులు కావాలంటే అర్హత చూపాలి.

అర్హత మొదట సైనికులది: ప్రస్తుతం విధులలో ఉన్నవారు, రిజర్వు దళాలవారు, పదవీ విరమణ చేసినవారు, మాజీ సైనికులు, రక్షణ శాఖలోని పౌర ఉద్యోగులు. చాలా కాలం నౌకాదళానికే పరిమితమైన ఈ సంఘం 2008లో రక్షణ శాఖ మొత్తానికి తలుపులు తెరిచింది. ఇక్కడ సైన్యమంటే అమెరికా సైన్యమే. తాతగారు మద్రాసు రెజిమెంటులో సుబేదారుగా పనిచేసి పతకాలు తెచ్చుకొని ఉండవచ్చును గాని, ఆ సేవ ఈ దరఖాస్తుకు పనికిరాదు.

తరువాత అర్హత సైనికుని కుటుంబానిది. భార్య లేక భర్త, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, తాత నాయనమ్మ అమ్మమ్మలు, మనుమలు మనుమరాండ్రు: ఇంతవరకే. దత్తత వలన, మారుటి వివాహం వలన ఏర్పడిన ఇవే బంధుత్వాలు కూడ లెక్కకు వస్తాయి. పినతండ్రి, మేనమామ, మేనత్త, బావ, మరదలు, అత్తమామలు ఈ పట్టికలో లేరు.

తెలుగువారు తెలియక తప్పు చేసే చోటు ఇదే. పెదనాన్న కొడుకును అన్న అంటాము, పెద్దమ్మ కూతురిని అక్క అంటాము, తాతగారి తమ్ముణ్ణి చిన్నతాత అంటాము. "మీకు అన్న ఉన్నాడా" అని అడిగితే పెదనాన్న కొడుకును చూపించడం మనకు అబద్ధం కాదు. అతణ్ణి వేరుచేసి చెప్పడమే మర్యాద కాదు. పొరుగున ఉన్న తమిళులది, కన్నడిగులది కూడ ఇదే అలవాటు. కాని ఆంగ్ల దరఖాస్తులో సోదరుడు అన్న గడికి అర్థం ఒక్కటే: తల్లి గాని తండ్రి గాని ఉమ్మడిగా ఉన్నవాడు, లేదా దత్తత వలన, మారుటి వివాహం వలన ఆ స్థానం పొందినవాడు. పెదనాన్న కొడుకు పేరు ఆ గడిలో వ్రాస్తే అది తప్పుడు ప్రకటన అవుతుంది. అప్పుకోసం ఇటువంటి ఆర్థిక సంస్థకు తెలిసి అసత్యం వ్రాసి ఇవ్వడం అమెరికా సమాఖ్య చట్టం క్రింద నేరం. గరిష్ఠ శిక్ష 30 సంవత్సరాల కారాగారం. పొరపాటున వ్రాసినవారందరూ జైలుకు పోతారని కాదు. అయితే విద్యార్థి వీసా మీదనో, ఉద్యోగ వీసా మీదనో ఉన్నవారికి ఇటువంటి ఫిర్యాదు ఒక్కటి నమోదైనా, కార్డు మాట అటుంచి, అక్కడ ఉండడమే ప్రశ్న కావచ్చును. వరుసలు కలిపి చెప్పుకొనే అలవాటును ఈ ఒక్క కాగితం దగ్గర పక్కన పెట్టడం మంచిది.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. సభ్యత్వం గొలుసువలె సాగుతుంది. సైనికుని సొంత చెల్లెలు సభ్యురాలైతే, ఆమె భర్త ఆమె ద్వారా సభ్యుడు కావచ్చును. సైనికునికి అతడు బావ కనుక నేరుగా రాలేడు. సభ్యురాలి భర్తగా రాగలడు. మేనరికపు కుటుంబాలలో ఒకే మనిషి రెండు వరుసలు అవుతాడు. అప్పుడు పట్టికలో ఉన్న వరుసనే వ్రాయాలి.

ఒకే ఇంటివారికి కూడ అవకాశం ఉన్నది. కాని ఇల్లు అన్న మాటకు సమాఖ్య నిబంధనల అర్థం, ఒకే చోట నివసిస్తూ ఒకే ఆర్థిక కుటుంబంగా ఉండడం. మన మాటలలో చెప్పాలంటే ఒకే పొయ్యి. అద్దె పంచుకొని ఎవరి ఖర్చు వారు చూసుకొనే నలుగురు విద్యార్థులు ఒకే పొయ్యి క్రిందికి రారు.

టెక్సాస్ రాష్ట్రంలోని సాన్ ఆంటోనియో కేంద్రంగా ఉన్న యు.ఎస్.ఎ.ఎ. కథ వేరు. 1922లో 25 మంది సైనికాధికారులు తమ మోటారు కార్లకు పరస్పరం బీమా చేసుకొనడానికి పెట్టుకొన్న సంస్థ అది. బ్యాంకు 1983లో వచ్చింది. అక్కడ సైనికులు, వారి భార్యాభర్తలు, సభ్యత్వం తీసుకొన్నవారి పిల్లలు అర్హులు. సైనికుణ్ణి కన్నారన్న ఒక్క కారణంతో తల్లిదండ్రులకు గాని, తోడబుట్టినందుకు అన్నదమ్ములకు గాని ప్రవేశం లేదు. రెండూ మిలిటరీ బ్యాంకులే కదా అని ఒకదాని నియమం మరొకదానికి చెప్పరాదు.

సభ్యత్వం వచ్చినంత మాత్రాన కార్డు రాదు. బంధుత్వం గుమ్మం వరకే. ఆపైన దరఖాస్తుదారుని సొంత ఆదాయం, సొంత అప్పుల చరిత్ర చూస్తారు. మన దేశపు సిబిల్ స్కోరు అక్కడ సాధారణంగా లెక్కకు రాదు కనుక, కొత్తగా వెళ్ళినవాడు అప్పు ఎగవేసినవాడు కాకపోయినా అప్పు చరిత్రే లేనివాడుగా కనబడతాడు. అటువంటివారికి హామీ సొమ్ము మీద ఇచ్చే కార్డు తగినది. కనీసం 200 డాలర్లు జమచేస్తే అంత పరిమితికి కార్డు ఇస్తారు. నెలనెలా గడువులోపల పూర్తిగా చెల్లిస్తూ పోతే చరిత్ర ఏర్పడుతుంది, మామూలు కార్డుకు మారే వీలు కలుగుతుంది. సైనికుడైన బంధువు తన కార్డు మీదనే అదనపు కార్డు ఇప్పించవచ్చును గాని, దానిమీద చేసే ప్రతి ఖర్చూ అతని అప్పే. చాలా మనస్పర్థలకు మూలం ఇది.

వడ్డీ విషయంలో ఈ సంఘాలకు నిజమైన మేలు ఉన్నది. సమాఖ్య పరపతి సంఘాల అప్పులపై వడ్డీ గరిష్ఠం 1987 నుండి సాలుకు 18 శాతంగా కొనసాగుతున్నది. పల్లె లెక్కలో నూటికి నెలకు రూపాయిన్నర. మన దేశంలో నూటికి నెలకు మూడు రూపాయలకు పైబడి పడే కార్డులు సాధారణం. సైనికునికి మరొక రక్షణ కూడ ఉన్నది. విధులలో చేరక ముందు చేసిన అప్పుపై, విధుల కాలంలో 6 శాతానికి మించి, అనగా అర్ధరూపాయికి మించి వడ్డీ వేయరాదని 2003 నాటి చట్టం చెబుతున్నది. అయితే అది దానంతట అది అమలు కాదు. సైనిక ఉత్తర్వుల ప్రతితో వ్రాతపూర్వకంగా కోరాలి. విధులు ముగిసిన 180 రోజులలోపల కోరినా చెల్లుతుంది.

సొంత సంఘమే కదా అని బాకీ ఉపేక్షించడానికి వీలులేదు. బాకీదారులను పై అధికారులకు చెబుతామని బెదిరించడం వంటి వసూలు పద్ధతులకుగాను 2016లో నేవీ ఫెడరల్ సంస్థచేత వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2 కోట్ల 85 లక్షల డాలర్లు చెల్లింపజేసింది. ఆ బెదిరింపులు ఆగినా, సైనికుని అప్పులు అతని భద్రతా అనుమతుల పరిశీలనలో చూస్తారన్నది మాత్రం మారలేదు.

ఒకసారి సభ్యుడైనవాడు, సైనికుడైన బంధువు కొలువు మానినా సభ్యుడుగానే ఉంటాడు. స్వదేశానికి తిరిగి వచ్చే విద్యార్థి కార్డు బాకీ తీర్చి, వాటాధనం 5 డాలర్లు ఖాతాలో ఉంచి, చిరునామా మార్పు తెలియజేసి రావాలి.