మీకు తెలుసా? హెచ్‌డీఆర్‌లో తెలుపు 100 శాతం దగ్గర ఉండదు!

లాగ్‌లో, అంటే వెలుగునీడల వివరాలను కుదించి దాచే పద్ధతిలో, తీసిన బొమ్మ మానిటర్‌లో నీళ్లు కలిపిన పాలలా వెలవెలబోతుంది. కెమెరాకు తగిలించిన రికార్డర్‌కు కెమెరా ఏదో, లాగ్ ఏదో చెప్పి, అవుట్‌పుట్‌ను పీక్యూ, హెచ్‌ఎల్‌జీ అనే హెచ్‌డీఆర్ పద్ధతుల్లో ఒకదానికి మారిస్తేనే హెచ్‌డీఆర్ టీవీలో అసలు వెలుగు బయటపడేది.

పీక్యూ డాల్బీ వాళ్లది. 10,000 నిట్‌ల వెలుగు దాకా లెక్కగడుతుంది. హెచ్‌ఎల్‌జీని బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి ప్రసారాల కోసం తయారుచేశాయి. 2016లో వచ్చిన బీటీ.2100 ప్రమాణం రెండింటికీ చోటిచ్చింది. తెల్ల కాగితం తెలుపు సిగ్నల్‌లో పీక్యూకైతే 58 శాతం, హెచ్‌ఎల్‌జీకైతే 75 శాతం దగ్గర ఉండాలి. ఆ పైనదంతా దీపాలకు, నీటి మీద ఎండ తళుకులకు.

అన్నీ సరిచేసినా బొమ్మ పాలిపోయే ఉందా? ‘ఇది హెచ్‌డీఆర్’ అనే కబురు హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా టీవీకి చేరలేదేమో. పాపం, కెమెరామన్‌ను తిట్టే ముందు టీవీ మెనూ తెరిచి చూడండి.