వీధికి వీపు పెట్టిన ఇల్లు

చారిత్రక కట్టడం అంటే కోటో గుడో దివాణమో అయి ఉండాలని మనకొక లెక్క. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో, సన్నీవేల్, కుపర్టినోల్లో, అంటే మన తెలుగు ఇంజనీర్ల కుటుంబాలు చాలా ఉంటున్న చోటే, ఆ లెక్కకు అందని ఇళ్లు కనిపిస్తాయి. ఒంటి అంతస్తు, వాలు తక్కువ కప్పు, ముందు గ్యారేజీ, వీధివైపు కిటికీ ఉందా లేదా అన్నట్టుండే గోడ. స్థలం రేటు చూస్తే పడగొట్టి రెండంతస్తులు లేపడమే తెలివైన పని అనిపిస్తుంది. అయినా పాలో ఆల్టోలో ఇలాంటి రెండు కాలనీలు, గ్రీన్ గేబుల్స్, గ్రీన్‌మెడో, 2005లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కాయి. ఆ గౌరవం వాటికి తగిందేనని నా అభిప్రాయం. అందం సంగతి అలా ఉంచితే, అమెరికా మధ్యతరగతి ఎవరి డబ్బుతో తయారైందో, ఎవరిని గడప దాటనివ్వలేదో చెప్పే సాక్ష్యం ఈ ఇళ్లలోనే ఉంది.

ఇలాంటి ఇంటిని ర్యాంచ్ ఇల్లంటారు. దానికి మూలం, పశువుల మందలున్న పాత కాలిఫోర్నియా భూస్వాములు పచ్చి ఇటుకలతో కట్టుకున్న లోగిళ్లు. ఆ పోలికను కొత్త ఇంటికి తెచ్చినవాడు క్లిఫ్ మే. ఆర్కిటెక్చర్ చదవలేదు, శాక్సఫోన్ వాయించేవాడు, కుర్చీలూ బల్లలూ చేసేవాడు. 1930ల మొదట్లో శాన్‌డియేగోలో కట్టడం మొదలుపెట్టాడు. 1946లో సన్‌సెట్ పత్రికవాళ్లతో కలిసి తెచ్చిన పుస్తకంతో ఈ పద్ధతి ఊరూరా పాకింది. అంతకుముందు అమెరికా ఇంటికి వీధివైపు వసారా ఉండేది. సాయంత్రాలు అక్కడే గడిచేవి. ర్యాంచ్ ఇల్లు ఆ వసారాను కుదించి బతుకునంతా పెరటివైపు తిప్పింది. జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు దీన్ని చివరికంటా తీసుకెళ్లాడు. వెన్న, గుడ్ల వ్యాపారం వదిలి వచ్చిన ఈయన కాలిఫోర్నియాలో సుమారు 11,000 ఇళ్లు కట్టాడు. నేలమాళిగ ఉండదు, నేల మీద పరిచిన కాంక్రీటు స్లాబులోనే వేడినీళ్ల గొట్టాలు పోయి గదులను వెచ్చబరుస్తాయి. కప్పు బరువు స్తంభాలూ దూలాలూ మోస్తాయి కాబట్టి పెరటి గోడను నేల నుంచి కప్పుదాకా అద్దంతో నింపొచ్చు. కొన్నింట్లో వీధి తలుపు తీయగానే కప్పులేని నడవ ఎదురవుతుంది. మండువా లోగిలి ఎరిగినవాళ్లకు అదేమంత కొత్తగా తోచదు.

ఇంత ఇల్లు మామూలు ఉద్యోగికి అందిందంటే కారణం సర్కారు పూచీ. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ గృహరుణాలకు బీమా ఇచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల రుణాలకు 1944 చట్టం హామీగా నిలిచింది. లాస్ ఏంజెలెస్ పక్కన లేక్‌వుడ్‌లో 1950 నుంచి మూడేళ్లు తిరక్కుండానే 17,500 ఇళ్లు లేచాయి. 1959లో మాస్కో ప్రదర్శనలో అమెరికా గొప్పగా చూపుకున్నదీ ఇలాంటి ఇంటినే. అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ అధినేత క్రుశ్చేవ్ వాదులాడుకున్నది దాని వంటగదిలోనే. ఇది కార్మికుడి ఇల్లంటే, తాజ్‌మహల్‌ను బొంబాయి మిల్లు కార్మికుడి కొంప అన్నట్టుందని సోవియట్ వార్తాసంస్థ ఎద్దేవా చేసింది.

ఆ ఎద్దేవాకు జవాబుగా ఆ ఇంటి ధర 14,000 డాలర్లేనని చెప్పొచ్చు. కానీ ఆ డబ్బు చేతిలో ఉన్నా నల్లజాతివారికి చాలా కాలనీల్లో ఇల్లు అమ్మేవారు కాదు. తెల్లవారికి తప్ప అమ్మకూడదనే షరతులను దస్తావేజుల్లో రాయించమని ఆ హౌసింగ్ సంస్థే తొలిరోజుల్లో సలహా ఇచ్చింది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు తేల్చాక కూడా అలవాటు పోలేదు. ఐక్లర్ మాత్రం కొనగలిగినవాళ్లందరికీ అమ్మాడు. బిల్డర్ల జాతీయ సంఘం వివక్షను కాదనకపోవడంతో 1958లో అందులోంచి తప్పుకున్నాడు. నిజానికి ఆయన ఇళ్ల చరిత్రలో అద్దాల గోడ కంటే నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఇక ర్యాంచ్ ఇళ్లను కాపాడాలనగానే, లక్షల్లో ఉన్నదాన్ని కాపాడేదేమిటన్నది మొదటి అభ్యంతరం. అన్ని లక్షలు ఉండడమే దాని చరిత్ర. అన్నిటినీ ఉంచమనడం లేదు, చెడకుండా మిగిలిన కొన్ని వరుసలు చాలు. ఇళ్లు దొరక్క జనం అల్లాడే చోట ఒంటి అంతస్తుకు రక్షణేమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. పాత అద్దాలూ పలచని కప్పూ వేడినీ చలినీ ఆపవన్నదీ నిజమే. అద్దాలు మార్చుకోవచ్చు, కప్పు మీద నురుగు పొర వేయించొచ్చు. అందుకు అడ్డుపడే నియమం ఏదైనా ఉంటే అది మూర్ఖత్వం. పై అంతస్తు సంగతి వేరు. పక్కింటివాళ్లు మేడ కడితే వాళ్ల కిటికీ తిన్నగా మన అద్దాల హాల్లోకి చూస్తుంది, అప్పటినుంచి పగలంతా తెరలు దించుకుని కూర్చోవాలి. అందుకే పాలో ఆల్టో విడి ఇంటిని వదిలి వాడకు వాడనే లెక్కలోకి తీసుకుంది: తగినంతమంది యజమానులు ఒప్పుకుని నగరపాలక మండలి సరేనంటే ఆ వాడలో మేడలు లేవవు. కొత్త జనానికి కావలసిన అపార్ట్‌మెంట్లకు రైలు స్టేషన్ల పక్కన, పెద్ద రోడ్ల వెంట ఒంటి అంతస్తు దుకాణాలూ కార్ల పార్కింగ్ స్థలాలూ ఉన్నాయి. ముందు వాటి మీద కట్టనివ్వాలి.