సర్వరుకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్? ఎంపిక, ప్రమాణం



తెల్లవారి హోసూరు బస్టాండులో నిలబడితే, బెంగళూరు వైపు వెళ్లే బస్సుల కోసం ఎదురుచూసే యువతీయువకులు చాలామంది కనిపిస్తారు. ఎలక్ట్రానిక్ సిటీలో దిగి వాళ్లు చేసే ఉద్యోగాల్లో సర్వర్లను చూసుకోవడం ఒకటి. "నీ పని ఏమిటి నాయనా?" అని ఇంట్లో తాతయ్య అడిగితే నాలుగు మాటల్లో చెప్పడం వాళ్లకు కష్టం. ఆ పనిలో ముఖ్యమైన ఒక భాగాన్ని ఈవేళ వివరిస్తాను. సర్వర్లకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోవాలి? ఎంచుకున్నదాన్ని సంస్థ అంతటికీ ఒకే ప్రమాణంగా ఎలా స్థిరపరచుకోవాలి?

ఇది ఉద్యోగం చేసేవాళ్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. సిప్కాట్ పారిశ్రామికవాడ చుట్టుపక్కల విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపులు, కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు, హోసూరు గులాబీలను బయటి ఊళ్లకు పంపే వ్యాపారులు కూడా నేడు తమ లెక్కలను, బిల్లులను కంప్యూటర్లలోనే ఉంచుతున్నారు. ఆ కంప్యూటరు తమ గదిలో లేకపోయినా ఎక్కడో ఉంది. అది ఒక రోజు ఆగితే లారీ గేటు దాటదు.

ముందుగా మూడు మాటలకు అర్థం చెప్పుకుందాం. సర్వరు అంటే పదిమందికీ పనిచేసిపెట్టే కంప్యూటరు. మీ గుమాస్తా బిల్లు అడిగితే బిల్లు, ఆడిటరు లెక్క అడిగితే లెక్క అందిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆ యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాము. మిగిలిన ప్రోగ్రాములన్నీ దాని మీదే నిలబడతాయి. ఇక క్లౌడ్ అంటే సర్వరును సొంతంగా కొనకుండా ఒక పెద్ద సంస్థ దగ్గర అద్దెకు తీసుకోవడం.

అద్దె అన్నాం కాబట్టి అద్దె ఇంటినే ఉదాహరణగా తీసుకుందాం. గోడలు, పైకప్పు, కరెంటు మీటరు ఇంటి యజమాని బాధ్యత. లోపల తలుపు గడియ వేసుకోవడం మన బాధ్యత. క్లౌడ్‌లో కూడా అంతే. భవనం, విద్యుత్తు, యంత్రాలు అద్దెకిచ్చిన సంస్థ చూసుకుంటుంది. మనం అద్దెకు తీసుకున్న సర్వరులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎప్పటికప్పుడు సరిచేసుకోవడం సాధారణంగా మన పనే. ఆ పని కూడా సంస్థే చేసే సేవలు కొన్ని ఉన్నాయి. మనం తీసుకున్నది ఏ రకమో ఒప్పందం చూసి తెలుసుకోవాలి. "అంతా వాళ్లే చూసుకుంటారు" అనుకుని ఊరుకోవడంలోనే ప్రమాదం ఉంది.

మరి ఎంచుకోవడానికి ఏమేమి ఉన్నాయి? ఒకటి మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్ సర్వర్. దానికి లైసెన్సు రుసుము చెల్లించాలి. రెండోది లినక్స్. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన మూలభాగం చుట్టూ ప్రపంచమంతటా ఉన్న ప్రోగ్రామర్లు పెంచిన వ్యవస్థ ఇది. దీనిలో అనేక శాఖలున్నాయి. డెబియన్ 1993లో మొదలై, స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతుల్లో నడుస్తోంది. డెబియన్ ఆధారంగా 2004లో ఉబుంటు వచ్చింది. సంస్థలకు రుసుము మీద సేవలందించే రెడ్ హ్యాట్, సూసే అనేవి వేరే శాఖలు.

లినక్స్ మనకు కొత్తదేమీ కాదు. చెన్నైలోని సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా బాస్ అనే భారతీయ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి 2007లో విడుదల చేసింది. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వాటిలో విండోస్‌తో పాటు ఈ బాస్ లినక్స్ కూడా ఉండేది. మన జిల్లాలో ఎన్నో ఇళ్లకు ఆ ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. యంత్రాన్ని ఆన్ చేయగానే రెండు పేర్లు కనబడటం ఆనాటి విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. తర్వాత 2015లో కేంద్ర ప్రభుత్వం కూడా తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని ఒక విధానాన్ని ప్రకటించింది.

వీటిలో ఏది మంచిది అని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. అన్నీ పనిచేసేవే. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. "దీనికి మరమ్మతులు ఎవరు ఇస్తారు, ఏ తేదీ వరకు ఇస్తారు?" ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో రెండు సంఘటనల ద్వారా చూద్దాం.

మొదటిది మన పొరుగునే జరిగింది. 2017 మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లలోకి చొరబడింది. ఫైళ్లకు తాళం వేసి, విప్పాలంటే డబ్బు కట్టమని అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. కృష్ణగిరి జిల్లా సరిహద్దు దాటితే వచ్చేది చిత్తూరు జిల్లానే కదా. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్న యంత్రాలు ఆ లోపం ద్వారా వచ్చిన దాడిని తట్టుకున్నాయి. వేసుకోనివి చిక్కాయి. విండోస్ ఎక్స్‌పీ వంటి పాత వాటికి 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ముగిసింది కాబట్టి మార్చిలో వాటికి బహిరంగంగా ప్యాచ్ రాలేదు. దాడి మొదలయ్యాక అత్యవసరంగా ఇవ్వవలసి వచ్చింది.

రెండో సంఘటన లినక్స్‌లో జరిగింది. సెంట్‌ఓఎస్ అని ఒకటి ఉండేది. రెడ్ హ్యాట్ వారి లినక్స్‌నే, వారు బహిరంగంగా ఇచ్చిన మూల ప్రతి నుంచి తిరిగి తయారుచేసి ఉచితంగా అందించేవారు. ఎన్నో చిన్న సంస్థలు దాని మీదే సర్వర్లు నడిపాయి. 2019లో వచ్చిన సెంట్‌ఓఎస్ 8కి 2029 వరకు మరమ్మతులు వస్తాయని అందరూ నమ్మారు. కానీ 2020 డిసెంబరు 8న ఒక ప్రకటన వచ్చింది: 2021 డిసెంబరు 31తో అది ఆగిపోతుందని. పదేళ్లు అనుకున్నది రెండేళ్లు దాటగానే ముగిసింది. అంతకు ముందు రకమైన సెంట్‌ఓఎస్ 7కి కూడా 2024 జూన్ 30తో గడువు తీరింది. ఆ ఖాళీని పూడ్చడానికి 2021లో ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ అనే రెండు కొత్తవి పుట్టాయి. చాలామంది వాటికి మారారు. మారనివాళ్ల సర్వర్లు ఈనాటికీ నడుస్తూనే ఉంటాయి. చిక్కంతా అక్కడే. గడువు తీరిన సర్వరు ఆగిపోదు, చప్పుడు చేయదు. కొత్త లోపం బయటపడ్డ రోజున మాత్రం దాన్ని పూడ్చేవాళ్లు ఉండరు.

అందువల్ల ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, మనకు కావలసిన ప్రోగ్రాము దేని మీద నడుస్తుంది? లెక్కల ప్రోగ్రాము విండోస్ మీదే నడిచేదైతే లినక్స్ ఎంత మంచిదైనా లాభం లేదు. రెండోది, గడువు ఎంత? ఉబుంటులో రెండేళ్లకొకసారి వచ్చే దీర్ఘకాల రకానికి అయిదేళ్ల మామూలు మద్దతు ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కు అది 2029 వరకు ఉంది. రెడ్ హ్యాట్ వారు పెద్ద రకాలకు పదేళ్లు ఇస్తారు. విండోస్ సర్వర్ 2012కు 2023 అక్టోబరు 10తో మామూలు గడువు ముగిసింది. మూడోది, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఒక కంపెనీ చేతిలోనా, స్వచ్ఛంద సమాజం చేతిలోనా? రెండింటికీ మంచిచెడ్డలు ఉన్నాయి. కానీ తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక చిక్కుకోవడం వేరు. నాలుగోది, మన దగ్గర దాన్ని ఎరిగిన మనిషి ఉన్నాడా? రాత్రి పదకొండు గంటలకు సర్వరు మొండికేస్తే ఫోను ఎత్తే మనిషి ఏది ఎరుగునో అదే మనకు చవకైనది.

ఇక రెండో భాగానికి వద్దాం. ఒకటి ఎంచుకున్నాక దాన్నే అంతటా ఎందుకు ఉంచాలి?

హోసూరు వర్క్‌షాపుల్లో పనిచేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క కొలత బోల్టు ఉంటే, ఒక్కొక్కదానికి వేరే స్పానరు కావాలి. ఒక బోల్టు పోతే దానికి సరిపడేది దొరికేదాకా పని ఆగుతుంది. అందరూ ఒకే కొలతకు కట్టుబడితే ఒక పెట్టె స్పానర్లతో షెడ్డంతా నడుస్తుంది. సర్వర్లూ అంతే. ఒక చోట డెబియన్, ఒక చోట పాత సెంట్‌ఓఎస్, ఇంకొక చోట విండోస్ ఉంటే, ఒక్క లోపం గురించి వార్త వచ్చినప్పుడు మూడు చోట్ల మూడు విధాలుగా వెతకాలి. ఆజ్ఞలు వేరు, ఫైళ్లు ఉండే చోట్లు వేరు, గడువు తేదీలు వేరు.

మన జిల్లా సంగతే చూడండి. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం. మూడూ మాట్లాడతాం, మూడింటినీ గౌరవిస్తాం. అయినా కొట్టు లెక్కల పుస్తకాన్ని ఒక పేజీ ఒక భాషలో, ఇంకో పేజీ ఇంకో భాషలో రాయం. రాసినవాడు రేపు ఊళ్లో లేకపోయినా మరొకరు చదవాలి కదా. సర్వర్లకు ఒకే ప్రమాణం పెట్టుకోవడం కూడా అందుకే. ఏర్పాటు చేసిన కుర్రవాడు వేరే ఉద్యోగానికి పోతే, వెనక వచ్చినవాడికి అది అర్థం కావాలి.

ఆచరణలో దీన్ని ఇలా చేస్తారు. ఎంచుకున్న ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఒక సర్వరును జాగ్రత్తగా తయారుచేస్తారు. అక్కరలేనివి తీసేస్తారు, ప్యాచ్‌లు వేస్తారు, ఎవరు లోపలికి రావచ్చో నిర్ణయిస్తారు. దాన్ని మాతృక ప్రతిగా దాచి, కొత్త సర్వరు కావలసినప్పుడల్లా దాని నుంచే తీస్తారు. కంటెయినర్లు వాడేవాళ్లు కూడా ఈ మాట మరవకూడదు. ఒక్కొక్క కంటెయినరు లోపల ఆపరేటింగ్ సిస్టమ్ ముక్క ఒకటి ఉంటుంది. దానికీ గడువు ఉంటుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. అన్నీ ఒకే రకమైతే, ఒక్క పొరపాటుతో అన్నీ ఒకేసారి పడిపోవా? ఈ సందేహం న్యాయమైనదే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికుల బోర్డింగ్ పాసులను చేత్తో రాసి ఇచ్చారు. దీనికి మందు పది రకాలు పెట్టుకోవడం కాదు. ఏ మార్పునైనా మొదట ఒకటి రెండు సర్వర్ల మీద వేసి, ఒక రోజు చూసి, తర్వాత మిగిలినవాటికి పంపాలి. లెక్కల నకలు వేరొక చోట భద్రంగా ఉంచాలి. ఆ నకలు నుంచి తిరిగి తేగలమో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

ప్రమాణం అంటే మొండిపట్టు కూడా కాదు. విండోస్ తప్పనిసరి అయిన ప్రోగ్రాము ఒకటి ఉంటే దానికి విండోస్ ఉండనివ్వండి. అయితే ఆ మినహాయింపును కాగితం మీద రాయండి: ఎందుకు ఇచ్చాం, బాధ్యుడెవరు, ఎప్పటివరకు. రాయని మినహాయింపులే పెరిగి పెరిగి రేపటి కలగాపులగం అవుతాయి.

పాతదాని నుంచి కొత్తదానికి మారేటప్పుడు తొందర పనికిరాదు. ఇంట్లో కాపురముంటూ పునాది మార్చడం కంటే, పక్కన కొత్త ఇల్లు కట్టుకుని సామాను తరలించడం మేలు. కొత్త సర్వరును ఏర్పాటు చేసి, అన్నిటికంటే చిన్న పనిని ముందు తరలించండి. కాలం కూడా చూసుకోండి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు కాయలు దిగే రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. సీజను అయిపోయి, యంత్రాలు కడిగి పెట్టే రోజులే దీనికి అనువైనవి.

చివరిగా, ఈ ప్రసంగం విన్న తర్వాత చేయదగిన ఒక చిన్న పని చెబుతాను. ఒక నోటుపుస్తకం తీసుకుని నాలుగు గీతల గళ్లు గీయండి. మొదటి గడిలో సర్వరు పేరు, రెండో గడిలో దాని ఆపరేటింగ్ సిస్టమ్, మూడో గడిలో మరమ్మతులు ఆగిపోయే తేదీ, నాలుగో గడిలో దాన్ని చూసుకునే మనిషి పేరు రాయండి. మీకు తెలియకపోతే మీ కంప్యూటరు చూసే అబ్బాయినో అమ్మాయినో అడగండి. మూడో గడిలోని తేదీ దాటిపోయి ఉన్నా, నాలుగో గడి ఖాళీగా ఉన్నా, మీ పని అక్కడి నుంచే మొదలుపెట్టండి. లారీ బండికి ఎఫ్‌సీ గడువు ఎప్పుడో యజమానికి నోటికి వస్తుంది. లెక్కలన్నీ మోసే సర్వరు గడువు కూడా అలాగే గుర్తుండాలి.