కయోటీ ఎందుకు చిన్నదయింది?

మా ఆదివారం తరగతిలో జంతువుల పేర్లు చెప్పిస్తుంటే ఒక చిన్నారి అడిగింది: "అంకుల్, మా అపార్ట్‌మెంట్ వెనక క్రీక్ దగ్గర తిరిగే కయోటీ నక్కా, తోడేలా?" మాకు చటుక్కున జవాబు తోచలేదు. ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేస్తే తెలిసిన సంగతులు పిల్లలకూ, పెద్దలకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

కయోటీ నక్కా కాదు, తోడేలూ కాదు. రెంటికీ దగ్గరి చుట్టం. మన ఊరి నక్కకన్నా పెద్దది, తోడేలుకన్నా చిన్నది. బరువు సుమారు 25 నుంచి 35 పౌండ్లు. విశేషమేమిటంటే, మంచుయుగంలో ఇది ఇంతకన్నా పెద్దగా ఉండేది! మరి ఎందుకు చిన్నదయింది?

వేటాడే జంతువుకు ఒళ్ళు పెరిగితే ఇంటి ఖర్చు పెరిగినట్టే. చిన్న జంతువుకు ఎలుకలు, పురుగులు చాలు. పెద్ద జంతువు రోజంతా ఎలుకల వెంట పరిగెత్తినా సంపాదన ఖర్చుకు చాలదు. బరువు సుమారు 47 పౌండ్లు (21.5 కిలోలు) దాటిన జంతువులు చాలావరకు తమలో సగానికి తగ్గని జంతువులనే వేటాడతాయని 1999లో క్రిస్ కార్బోన్ బృందం లెక్కగట్టింది.

మరి పెద్దగా ఎదగడం ఎందుకు? లాభమూ ఉంది. పెద్ద వేట దొరుకుతుంది. పక్క జంతువు నోటి దగ్గరిదీ లాక్కోవచ్చు. అందుకే కుక్కల, పిల్లుల కుటుంబాల్లో భారీ జంతువులు మళ్ళీ మళ్ళీ పుట్టుకొచ్చాయి. మన టెక్సాస్‌లోనే శాన్ ఆంటోనియో దగ్గరి ఫ్రీసెన్‌హాన్ గుహలో, సింహమంత ఉండే హోమోథీరియం అనే కోరల పిల్లి ఎముకలు, మామత్ ఏనుగు పిల్లల పళ్ళు దొరికాయి. డైర్ ఉల్ఫ్ కూడా ఆ కాలానిదే. 2025లో డాలస్ కంపెనీ ఒకటి వార్తల్లోకెక్కించిన పేరే అది! బరువు సుమారు 140 పౌండ్లు.

మంచుయుగం చివర మామత్‌లు, అడవి గుర్రాలు అంతరించాయి. వాటిమీద బ్రతికే భారీ వేటగాళ్ళూ పోయాయి. కయోటీ మాత్రం మిగిలింది. పోటీకి తోడేళ్ళు మిగిలాయి, తినడానికి పెద్ద జంతువులు తగ్గాయి. అప్పటినుంచి వెయ్యేళ్ళలోపే కయోటీలు చిన్నవయ్యాయని 2012లో జూలీ మీచెన్, జాషువా శామ్యూల్స్ ఎముకలు కొలిచి చూపించారు. ఏ కయోటీ తనంతట తాను కుదించుకుపోలేదు. కొద్ది తిండితో బ్రతికిన చిన్నవాటికి పిల్లలు ఎక్కువగా నిలిచాయి, అంతే.

ఇప్పుడు మన నల్లమలకు వెళ్దాం. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో పెద్దపులి ఉంది, మూడు పౌండ్ల బరువుండే తుప్పురంగు మచ్చల పిల్లీ ఉంది. పిల్లికి ఎలుకలు, పిట్టలు చాలు. పులికి దుప్పులు, కణుజులు కావాలి, అవి తిరగడానికి విశాలమైన అడవి కావాలి. అవి పోతే చిన్నదయ్యేంత వ్యవధి పులికి ఉండదు. పులిని కాపాడటమంటే ముందు దుప్పిని, దుప్పి మేసే గడ్డిని కాపాడటమే.

పిల్లలూ! ఈ వేసవిలో ఇండియా వెళ్తే శ్రీశైలం దారిలో దుప్పుల కోసం చూడండి. అన్నట్టు, కయోటీకి మా తరగతిలో ఇంకా తెలుగు పేరు కుదరలేదు. మీకు మంచి పేరు తోస్తే వచ్చే ఆదివారం చెప్పండి. బోర్డు మీద రాస్తాం!