జాబితాకెక్కని వైరస్

విశాఖలో మల్కాపురం చుట్టుపక్కలంతా రిఫైనరీ, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు. ఇలాంటి చోట కంప్యూటర్ వైరస్ ఎంత దూరం పోగలదో 2012 జులైలో తెలిసింది. విశాఖలోని తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం కంప్యూటర్లలోకి గూఢచారి వైరస్ చొరబడిందని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రాసింది. రహస్య సమాచారం ఉండే కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు. అయినా పెన్‌డ్రైవుల్లో వచ్చింది. ఆ కథనం ప్రకారం, అది పెన్‌డ్రైవులో కంటికి కనబడని ఫోల్డరు పెట్టుకుని, తనకు కావలసిన మాటలున్న ఫైళ్లను అందులోకి ఎక్కించుకునేది. అదే పెన్‌డ్రైవును నెట్ ఉన్న కంప్యూటరుకు తగిలించగానే వాటిని చైనా ఐపీ అడ్రసులకు పంపేసేది. నౌకాదళం విచారణకు ఆదేశించింది. అణు జలాంతర్గామి అరిహంత్‌కు ఇదే ఊళ్లో పరీక్షలు జరుగుతున్న రోజులవి!

మామూలు యాంటీవైరస్ పని, స్టేషన్లో పాత నేరస్తుల ఫొటోలు చూసి మనిషిని పోల్చుకోవడం లాంటిది. ఫొటో లేనివాడు దర్జాగా లోపలికి వెళ్లిపోతాడు. ఏ ప్రోగ్రామునైనా చూసి వైరసో కాదో తప్పులేకుండా తేల్చే సాధనం అసాధ్యమని ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే గణితంతో నిరూపించాడు. కాబట్టి మిగిలింది సంభావ్యతే.

ఆ దారిలో తొలి అడుగుల్లో ఒకటి ఐబీఎంది. డిస్కు మొదట్లో ఉండే 512 బైట్ల బూట్ సెక్టారులో దాక్కునే వైరస్‌ల మీద టెసౌరో, కెఫార్ట్, సోర్కిన్ న్యూరల్ నెట్‌వర్కును ప్రయోగించి, 1996లో ఆ వివరాలు ప్రచురించారు. మూడేసి బైట్ల ముక్కల్లో ఏవి వైరస్‌లలోనే ఎక్కువగా కనబడతాయో అది నేర్చుకుంది. ఐబీఎం యాంటీవైరస్‌లో భాగమైంది కూడా.

అసలు మలుపు 2001లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో. షుల్ట్జ్, ఎస్కిన్, జడోక్, స్టోల్ఫో 4,266 ప్రోగ్రాములు పోగుచేశారు. వాటిలో 3,265 చెడ్డవి. కొన్నింటితో యంత్రానికి నేర్పి, అది ఎన్నడూ చూడనివాటితో పరీక్షించారు. పాత వైరస్‌ల గుర్తుల (సంతకాల) జాబితాతో పోల్చే పద్ధతి కొత్తవాటిలో 33.75 శాతాన్ని పట్టుకుంటే, బైట్ల వరసలు చూసి ఓటేసే నైవ్ బేయస్ పద్ధతి 97.76 శాతాన్ని పట్టుకుంది. ఈ అంకె అందరూ చెప్పుకుంటారు. నాకు దాని పక్కనున్న అంకే ముఖ్యం: 6.01. అంటే నిక్షేపంలాంటి ప్రోగ్రాములు నూటికి ఆరింటిని కూడా అది దొంగలని ముద్ర వేసింది. ఆ ఆరింటిలో రిఫైనరీ కంట్రోల్ రూములో నడిచేది ఒకటుంటే? వైరస్ చేయలేని నష్టం కాపలాదారే చేసేస్తాడు.

2011లో శాంటా బార్బరాలో నటరాజ్, మంజునాథ్ బృందం వైరస్ ఫైలు బైట్లను నలుపు తెలుపు బొమ్మగా మార్చి చూస్తే, ఒకే కుటుంబం వైరస్‌ల బొమ్మలు ఒకే పోలికలో కనబడ్డాయి. చాలా అందమైన ఆలోచన.

కానీ వైరస్ రాసేవాళ్లూ ఊరుకోరు. ఇలాంటి యంత్రాన్ని ఎలా మోసగించొచ్చో చూపడానికి 2019లో స్కైలైట్ సైబర్ పరిశోధకులు, ఒక పేరున్న రక్షణ సాఫ్ట్‌వేరు మెచ్చే ఓ వీడియోగేమ్‌లోని అక్షరాల ముక్కల్ని వైరస్‌ల చివర అతికించారు. చాలావరకు వైరస్‌లకు మంచివన్న మార్కు పడింది.

అయినా మల్కాపురం పరిసరాల్లాంటి చోట్లకే ఈ యంత్రం అవసరం ఎక్కువ. నెట్ లేని కంప్యూటరుకు కొత్త జాబితా రోజూ చేరదు. నేర్చుకున్న మోడల్ మాత్రం అక్కడే ఉండి పనిచేస్తుంది. అయితే కొనేముందు గట్టిగా అడగాల్సింది ఒకటుంది. పాత ఏళ్ల వైరస్‌లతో నేర్పి, ఆ తర్వాతి ఏళ్లలో వచ్చినవాటితో పరీక్షించారా? పాతవీ కొత్తవీ కలగలిపి పెట్టిన పరీక్షలో వచ్చిన మార్కులు, రేపు పెన్‌డ్రైవులో వచ్చేదాని ముందు నిలబడవు.