షాంఘై బిషప్‌ను నియమించేదెవరు?

షాంఘై నగరంలోని షూజియాహుయ్ ప్రాంతంలో, షాపింగ్ మాల్స్ నడుమ జంట గోపురాలతో ఎర్ర ఇటుకల చర్చి ఒకటి నిలబడి ఉంటుంది. 1910లో పూర్తయిన సెయింట్ ఇగ్నేషియస్ కెథడ్రల్ అది. షాంఘై కతోలిక మేత్రాసనానికి గుండెకాయ.

ఈ సంఘానికి పునాది వేసింది స్థానికుడే. మింగ్ చక్రవర్తుల కొలువులో ఉన్నత పదవులు నిర్వహించిన పండితుడు షూ గ్వాంగ్‌చీ 1603లో జ్ఞానస్నానం పొందాడు. జెసూట్ గురువు మత్తెయో రిచ్చితో కలిసి యూక్లిడ్ రేఖాగణితంలోని మొదటి ఆరు భాగాలను చైనా భాషలోకి తెచ్చాడు. 1608లో లాజరో కత్తానియో అనే మరో జెసూట్ గురువును తన సొంత ఊరు షాంఘైకి పిలిపించాడు. 1724లో చక్రవర్తి క్రైస్తవాన్ని నిషేధించాక నూరేళ్లకు పైగా విశ్వాసాన్ని కాపాడుకొచ్చినవి సామాన్య కుటుంబాలు. వారిలో పడవల మీద బతికే జాలర్లూ ఉన్నారు. నేటికీ మే నెల వస్తే షెషాన్ కొండ మీది మరియమాత బసిలికాకు యాత్రికులు తరలివస్తారు.

జెసూట్లు 1842లో తిరిగొచ్చి షూజియాహుయ్‌లో గ్రంథాలయం, వాతావరణ పరిశోధనశాల, అనాథశరణాలయం కట్టారు. 1946లో షాంఘై పూర్తి స్థాయి మేత్రాసనమైంది. 1950లో దానికి తొలి చైనీయ బిషప్‌గా కుంగ్ పిన్‌మెయ్ వచ్చారు.

అసలు పరీక్ష అక్కడే మొదలైంది. రోముతో తెగతెంపులకు ఒప్పుకోని కుంగ్‌ను కమ్యూనిస్టు ప్రభుత్వం 1955 సెప్టెంబరు 8 రాత్రి అరెస్టు చేసింది. 1960లో యావజ్జీవ శిక్ష పడింది. అదే ఏడాది, పోపు అనుమతి లేకుండానే జాంగ్ జియాషూను బిషప్‌ని చేశారు. అప్పటికి ప్రభుత్వ అండతో దేశభక్త కతోలిక సంఘం ఏర్పడి మూడేళ్లయింది. సాంస్కృతిక విప్లవంలో కెథడ్రల్ గోపురాలు కూల్చి, లోపల ధాన్యం నిల్వ చేశారు.

1980లలో చర్చిలు తెరుచుకున్నా చీలిక పోలేదు. జైలు జీవితం గడిపిన జిన్ లూషియన్ 1988లో ప్రభుత్వం గుర్తించిన బిషప్ అయ్యారు. గురువిద్యాలయాన్ని నిలబెట్టారు, కెథడ్రల్‌కు చైనా శైలి రంగుటద్దాలు చేయించారు. మరోవైపు, రోము గుర్తించిన ఫాన్ జోంగ్లియాంగ్ రహస్య సంఘాన్ని నడిపించారు. ఇద్దరూ జెసూట్లే, ఇద్దరూ చెరసాల చూసినవాళ్లే. వారిలో ఒకరిని వీరుడిగానూ మరొకరిని ద్రోహిగానూ తేల్చేయడం అన్యాయం.

2012 జులై 7న సహాయ బిషప్‌గా మా దాచిన్ అభిషేకం జరిగింది. పోపు ఆమోదం లేని ఒక బిషప్ తలమీద చేతులుంచడానికి దగ్గరికి రాగా, మా లేచి ఆయన్ను కౌగిలించుకున్నారు. హస్తనిక్షేపణ జరగకుండా మర్యాదగా తప్పించుకున్నారన్నమాట. పూజ చివర, ఇకపై దేశభక్త సంఘంలో కొనసాగడం తనకు వీలుకాదని ప్రకటించారు. చర్చి చప్పట్లతో మారుమోగింది. ఆ తర్వాత ఆయన్ను షెషాన్ గురువిద్యాలయానికే పరిమితం చేశారు.

బిషప్పుల నియామకంపై 2018లో వాటికన్, బీజింగ్ తాత్కాలిక ఒప్పందం చేసుకున్నాయి. అయినా 2023 ఏప్రిల్‌లో హైమెన్ బిషప్ షెన్ బిన్‌ను చైనా అధికారులు ఏకపక్షంగా షాంఘైకి మార్చారు. మేత్రాసనం మేలు కోరి పోప్ ఫ్రాన్సిస్ జులై 15న దాన్ని ఆమోదించారు. అదే రోజు వాటికన్ రాజ్య కార్యదర్శి కార్డినల్ పరోలిన్, మా దాచిన్ విషయంలో న్యాయమైన పరిష్కారం దొరకాలని బహిరంగంగా కోరారు.