పోటీ ఆటలో తళుకు ముక్కలు

పేకముక్కకు ముఖమెంత ముఖ్యమో వీపు అంతకంటె ముఖ్యము. ముఖమున రాజున్నను రాణి యున్నను పట్టుకొన్నవానికి మాత్రమే తెలియును. వీపు ఎల్లరకును కనబడును. కావున ఒక పేకలోని ముక్కల వీపులన్నియు ఒక్క తీరున నుండవలెననుట ఆటకు మొదటి ధర్మము. ఒక ముక్క మూల మడతపడినను, ఒకదానిపై కాఫీ మరక యున్నను, ఇంటిలో వినోదమునకు రమ్మీ ఆడువారు సైతము ఆ పేకను ప్రక్కకు నెట్టి క్రొత్తది తెప్పింతురు. ఈ చిన్న ధర్మమే నేటి యువకులు ఆడుచున్న సేకరణ కార్డుల ఆటలలో ఒక పెద్ద చిక్కును తెచ్చిపెట్టినది. అది తళుకు ముక్కల చిక్కు. ఆటగాండ్రు వీనిని ఫాయిల్ కార్డులందురు. పోటీకి పోవువాడు తళుకు ముక్కలను ఎన్నుకొనవలెనా, మామూలు ముక్కలను ఎన్నుకొనవలెనా అను విషయమును ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

ఈ ఆటలు మనకు పరిచయమైన పేకాట వంటివి కావు. పేకలో అందరికిని అవే 52 ముక్కలు. ఇచ్చట ప్రతి ఆటగాడును వేలకొలది ముక్కలలో నుండి తనకు కావలసినవి ఏరి, తన కట్టను తానే కూర్చుకొనును. ఈ పద్ధతికి మార్గదర్శి 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అను ఆట. గణితశాస్త్రజ్ఞుడైన రిచర్డ్ గార్‌ఫీల్డ్ దీనిని కల్పింపగా, అమెరికాలోని విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ 1993లో ప్రకటించినది. తొలి ముక్కలు బెల్జియము దేశమునందలి టర్న్‌హౌట్ పట్టణమున కార్తా ముండి ముద్రణాలయములో అచ్చయినవి. ముక్క వెడల్పు సుమారు 63 మిల్లీమీటర్లు, పొడవు 88 మిల్లీమీటర్లు. ఎవరి కట్ట వారు ముందుగా కూర్చుకొని వచ్చు పోటీలలో కట్టకు కనీసము 60 ముక్కలుండవలెను. ఆటకు శక్తినిచ్చు మూలభూములను ముక్కలు తప్ప, సాధారణముగా మరే ముక్కయు నాలుగు ప్రతులకు మించరాదు. తరువాత 1996లో జపాను దేశమున పోకెమాన్ ముక్కలును, 1999లో యు-గి-ఓ ముక్కలును వెలువడినవి.

మ్యాజిక్ ఆటలో తొలి తళుకు ముక్క 1998లో ఒక క్రొత్త సంపుటము విడుదలకు ముందు జరిగిన ఆటలలో పంచిన 'లైట్నింగ్ డ్రాగన్'. 1999 ఫిబ్రవరిలో వెలువడిన 'ఉర్జాస్ లెగసీ' సంపుటము మొదలుకొని, అమ్మకపు పొట్లములలో మామూలు ముక్కల నడుమ అరుదుగా తళుకు ముక్కలు దొరకసాగినవి. 2024లో ప్రవేశపెట్టిన ప్లే బూస్టర్ అను పొట్లమున నున్న 14 ముక్కలలో ఒకటి తప్పక తళుకు ముక్కయే. అనగా ఒకప్పటి అరుదైన వస్తువు నేడు ప్రతి పొట్లమునందును వచ్చుచున్నది. తళుకు ముక్కకు ఆటలో అధికమైన బలమేదియు లేదు. మామూలు ప్రతిలో వ్రాసినదే దానియందును వ్రాసియుండును. భేదమంతయు మెరుపునందే కలదు. కాని ఆ మెరుపు వెనుకనే చిక్కు దాగియున్నది.

మామూలు ముక్క ఆసాంతము కాగితపు అట్ట. తళుకు ముక్కలో ఆ అట్టకు ముఖము వైపున పలుచని తళుకు పొర యొకటి అతికింపబడియుండును. కాగితము చెట్టు నారతో చేసినది. గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, గాలి పొడిబారినపుడు తేమను విడిచి కుంచించుకొనును. తళుకు పొర తేమను పీల్చదు, కావున దాని కొలత మారదు. ఒకదానికొకటి గట్టిగా అతుకుకొనియున్న రెండు పొరలలో ఒకటి పెరిగి రెండవది పెరగనిచో ఏమగును? రెండును కలిసి వంగును. ఇస్త్రీపెట్టెలలో వేడిని అదుపుచేయు ద్విలోహపు పట్టీ పనిచేయునది ఈ సూత్రము మీదనే. అచ్చట వేడి చేయు పనిని ఇచ్చట తేమ చేయుచున్నది.

గాలిలో తేమ హెచ్చినపుడు అట్ట ఉబ్బి, వీపు వైపు పొడవగును. అంచులు ముఖము వైపునకు ముడుచుకొనును. అట్టి ముక్కను బల్లపై బోర్లించినచో నడుమ భాగము గూనివలె లేచియుండును. గాలి పొడిగానున్నపుడు ఇందుకు విపరీతముగా జరిగి, అంచులు వీపు వైపునకు లేచి ముక్క దోనె ఆకారము దాల్చును. నార నిడివికంటె అడ్డముగా ఎక్కువ ఉబ్బును గనుక ముక్క అన్ని వైపులకు సమముగా గాక ఒక దిక్కునకే ప్రధానముగా వంగును. ఎండిన విస్తరాకు ముడుచుకొనుటను చూచినవారికి ఈ సంగతి క్రొత్తది కాదు.

అందుచేత ముక్క స్వభావము ఊరినిబట్టి, ఋతువునుబట్టి మారుచుండును. శీతకాలమున వేడిగాలితో వెచ్చజేసిన అమెరికా ఇంటిలోని గాలి మిక్కిలి పొడి. ఆషాఢ శ్రావణములలో విశాఖపట్నపు సముద్రపుగాలి మిక్కిలి తడి. అచ్చటి బంధువులు పంపిన తళుకు ముక్క ఇచ్చటికి వచ్చి కొన్ని దినములుండిన పిమ్మట మొదటివలె ఉండునని నమ్మరాదు. ఇంటిలో చదునుగా నున్న ముక్క, చల్లని యంత్రపు గాలి వీచు పోటీ మందిరమున కొన్ని గంటలలో వంగుటయు కలదు.

వంగిననేమి, ఆడుటకు పనికిరాదా అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఒక ఉదాహరణము తీసుకొందము. 60 ముక్కల కట్టలో ఒక యువకునికి ప్రాణప్రదమైన ముక్క నాలుగు ప్రతులున్నవి. ముచ్చటపడి ఆ నాలుగింటిని మాత్రమే తళుకు ప్రతులుగా సంపాదించినాడు. తక్కిన 56 మామూలువి. ఆట మొదట 7 ముక్కలు ఎత్తవలెను. ఆ ఏడింటిలో ఈ నాలుగింటిలో ఒక్కటైనను వచ్చుటకు గల అవకాశము నూటికి సుమారు 40 పాళ్ళు. ఆట రుచియంతయు ఈ అనిశ్చయములోనే యున్నది. కాని వంగిన ముక్క కట్టలో చిన్న సందు చేయును. కట్టను కోయునపుడు చేయి తెలియకుండగనే ఆ సందుకడ ఆగును. కట్టపై ముక్క కొద్దిగా గూనివలె నున్నచో, తరువాత ఎత్తబోవునది తన ప్రాణప్రదమైన ముక్కయే యని ఆటగానికి ముందే తెలిసిపోవును.

తెలిసినచో లాభమేమందురా? ఈ ఆటలో కట్టను వెదకి తిరిగి కలుపుటకు అవకాశమిచ్చు ముక్కలు కలవు. పైన మంచి ముక్క యున్నదని ఎరిగినవాడు కలుపక ఆగును. లేదని ఎరిగినవాడు కలిపి మరల అదృష్టమును పరీక్షించుకొనును. ఒక్క నిర్ణయమున లభించు ఈ మేలు గంటసేపటి ఆటను తారుమారు చేయగలదు. ఎదుటివానికిని ఇది సంకటమే. పెద్ద పోటీలలో ప్రతి ఆటగాడును ఎదుటివాని కట్టను కలుపవలెనను నియమము కలదు. వాని చేతికిని ఆ వంపు తగులును. అనుమానమునకు అంకురము పడును.

ఈ ఆటకు గల పోటీ నిబంధనలు తళుకు ముక్కలను నిషేధింపలేదు. నిషేధించినది గుర్తు పడిన ముక్కలను. ముఖము చూడకుండగనే ఒక ముక్కను గుర్తింప వీలగు గీత గాని, రంగు మార్పు గాని, వంపు గాని యున్నచో అది గుర్తు పడిన ముక్కయే. తొడుగులలో నుంచిన ముక్కలకు ఆ తొడుగులతో సహా ఇదే నియమము. ముక్కలు గుర్తు పడకుండ చూచుకొను బాధ్యత ఆటగానిదే. పడినవా లేదా యని తీర్పు చెప్పు అధికారము ప్రధాన న్యాయనిర్ణేతది. పెద్ద పోటీలలో సాధారణముగా మొదట హెచ్చరిక చేసి, ముక్కలనో తొడుగులనో మార్చుమందురు. కాని గుర్తులలో ఒక క్రమము కనబడి, దానిని గమనించినవానికి గణనీయమైన లాభము కలుగునని తోచినచో, ఆ ఆట ఓడినట్లే నిర్ణయింతురు. బుద్ధిపూర్వకముగా చేసినాడని తేలినచో పోటీనుండియే తొలగింతురు.

ఇందులో మన యువకులు ముఖ్యముగా గమనింపవలసినది 'క్రమము' అను మాట. తళుకు ముక్కలు ఎన్ని యున్నవను దానికంటె, ఏవి తళుకు ముక్కలను ప్రశ్నయే ప్రధానము. నాలుగు వంగిన ముక్కలు నాలుగు వేరువేరు జాతులవైనచో గుర్తించినవానికి తెలియునది స్వల్పము. నాలుగును ఒకే ముక్క ప్రతులైనచో తెలియునది సర్వము. అట్లే అందముకొరకు కట్టలోని భూముల ముక్కలన్నిటిని తళుకువిగా మార్చుకొనువారు కలరు. తరువాత వచ్చునది భూమియా కాదా యనునది ఆ ఆటలో అత్యంత విలువైన సమాచారము. కావున ఇదియు ప్రమాదకరమైన కూర్పే. తప్పు చేయు తలంపే లేని కుర్రవాడు, తన కిష్టమైన ముక్కలకు చేసిన అలంకారము చేతనే దోషిగా నిలువవలసివచ్చును. నెలల తరబడి సాధనచేసి వచ్చిన పోటీలో ఒక ఆట పోవుట ఒక నష్టము. పదిమందిలో మోసగాడేమో యన్న చూపునకు గురియగుట అంతకుమించిన నష్టము.

మరి కట్టయంతయు తళుకు ముక్కలతోనే కూర్చినచో? వినుటకు యుక్తముగనే యుండును. అన్నియు వంగినచో ఏదియు ప్రత్యేకముగా కనబడదు గదా! కాని వేరువేరు సంవత్సరములలో, వేరువేరు ముద్రణములలో వచ్చిన తళుకు ముక్కలు ఒకే తీరున వంగవు. ఒకటి ముఖమువైపు, మరియొకటి వీపువైపు వంగవచ్చును. పైగా అన్ని ముక్కలును తళుకులో దొరకుట, దొరకినను కొనగలుగుట అందరికిని సాధ్యము కాదు. కావున పోటీకి పోవువారికి మా సలహా సూటియైనది: మామూలు ప్రతి దొరకునంతవరకు మామూలు ప్రతినే వాడవలెను. తళుకు ప్రతులను ఇంటి ఆటలకును సేకరణ పుస్తకమునకును ఉంచుకొనవలెను.

ధర విషయమున తల్లిదండ్రులకు ఒక మాట. ఒకప్పుడు తళుకు ప్రతి ధర మామూలు ప్రతికి ఎన్నో రెట్లుండెడిది. 2019లో కలెక్టర్ బూస్టర్లను పొట్లములు వచ్చిన పిమ్మట తళుకు ముక్కలు విరివియై, కొన్నింటి ధర మామూలు ప్రతికి దగ్గరగను, కొన్నింటిది అంతకంటె తక్కువగను దిగినది. చవకగా వచ్చినదని తళుకు ప్రతిని పోటీకొరకు కొనునపుడు, దానిని చదునుగా నుంచుటకు పడవలసిన శ్రమను కూడ ధరలో చేర్చుకొని లెక్క వేయవలెను.

తళుకు తప్ప వేరు గతి లేని ముక్కలును కొన్ని కలవు. మ్యాజిక్ ఆటలో మామూలు ముద్రణయే లేని తళుకు ముక్క వంగినచో, ప్రధాన న్యాయనిర్ణేత ఆ పోటీ వరకు దానికి బదులు ముక్క నొకదానిని వ్రాసి యీయవచ్చును. ఆటగాడు తనంతట తాను అట్టిది తయారుచేసికొనరాదు. పోకెమాన్ ఆటలో బలవంతమైన ముక్కలు పెక్కు తళుకు రూపముననే వచ్చును. అచ్చట తళుకును మానుట సాధ్యము కాదు గనుక సంరక్షణయే శరణ్యము.

ఆ సంరక్షణ కొన్ని సులభమైన పనులలో నున్నది. ముక్కలను వదులుగా వదలక, కట్టకు సరిపోవు పెట్టెలో నిలువుగా బిగువుగా నుంచవలెను. పలుచని లోపలి తొడుగులో నుంచి, దానిపై దళసరి తొడుగు వేసినచో వంపు కొంత అణగును. వేసినచో కట్టయంతటికిని ఒకే రకపు తొడుగులు వేయవలెను. గాలిలోని తేమను ఒక హద్దులో నిలుపు పొట్లములు అంగళ్ళలో దొరకును. వానిని ముక్కల పెట్టెలో నుంచవచ్చును. తేమను పీల్చుటయే పనిగాగల సిలికా గుళికలను మితిమీరి వాడినచో అట్ట మరీ పొడిబారి ముక్క రెండవ వైపునకు వంగును. వేడి ఇస్త్రీపెట్టెతో చదును చేయబూనుట ముక్కను పాడుచేసికొనుటయే.

తుదకు ఇంటిలో చేసికొనదగిన పరీక్ష యొకటి చెప్పెదము. తొడుగులు వేసిన కట్టను బాగుగా కలిపి బల్లపై బోర్లించి, కనులను బల్ల మట్టమునకు దించి ప్రక్కనుండి చూడవలెను. ఎచ్చటనైన సందు కనబడినచో ఆ ముక్క ఏదియో చూడవలెను. తరువాత ఆ ముక్కల సంగతి ఎరుగని తమ్మునిచేతనో చెల్లెలిచేతనో కట్టను పదునైదు మారులు కోయించి, ప్రతిమారును కోతకడ వచ్చిన ముక్కను వ్రాసికొని, మరల కలుపుచుండవలెను. 60 ముక్కలలో నాలుగు తళుకువైనచో, న్యాయముగా పదునైదింటిలో సగటున ఒక్కమారే తళుకు ముక్క రావలెను. రెండు మారులు వచ్చినను వింత లేదు. ఐదారు మారులు వచ్చినచో చేతికి ఆ ముక్కలు తెలిసిపోవుచున్నవన్నమాట. అట్టి కట్టతో పోటీకి పోరాదు.

ఈ పరీక్షను బయలుదేరు దినమున గాక రెండు మూడు దినములు ముందుగా చేసికొనుట మేలు. మామూలు ప్రతులను సమకూర్చుకొనుటకు వ్యవధి యుండును. మందిరమునకు చేరిన పిమ్మట మొదటి ఆటకు ముందు కట్టను మరియొకమారు ప్రక్కనుండి పరికింపవలెను. సందేహము కలిగినచో దాచక న్యాయనిర్ణేతకు తామే ముందుగా చూపి అడుగవలెను. ఆటకు ముందు అడిగిన ప్రశ్న వలన ఎవరి పరువును పోదు.